మైనస్ 40లో ఉత్తరానికి లోడు: బయలుదేరే ముందు ట్రక్కుకి, మీకు ఏమేం కావాలి

కెనడాలో ట్రక్కు నడుపుతున్న మనవాళ్లు అక్టోబరు దాటగానే అడిగే ప్రశ్న ఇది: "యూకాన్ వైపు లోడు ఉందంటున్నారు, డబ్బులు కూడా బాగానే ఇస్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా? ఏమేం సర్దుకోవాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక షరతు. దక్షిణాన హైవేల మీద కనీసం ఒక చలికాలం పూర్తిగా నడిపినవాళ్ల కోసమే ఇది. మంచు మీద ఎప్పుడూ నడపకపోతే మొదటి ట్రిప్పు ఉత్తరానికి పెట్టుకోకండి. ఎక్కువ డబ్బులొస్తాయన్నా వద్దు.

చాలామంది ట్రక్కు నడవడానికి ఏం కావాలో చూసుకుని బయలుదేరతారు. నడుస్తున్నంతసేపు ఇంజన్ వేడిగా ఉంటుంది, క్యాబిన్‌లో హీటర్ వస్తుంది, పెద్దగా ఇబ్బంది ఉండదు. ప్రాణం మీదకొచ్చేది ఆగిపోయినప్పుడే. అందుకే సర్దుకునే ప్రతిదాన్నీ ఒకే ప్రశ్నతో చూడండి: ఇంజన్ ఆగిపోయి, రోడ్డు మూసేసి, 24 గంటలపాటు ఎవరూ రాకపోతే ఇది నాకు పనికొస్తుందా?

24 గంటలు అనడం భయపెట్టడానికి కాదు. డెంప్‌స్టర్ హైవే ఉత్తర కెనడాలోని యూకాన్‌లో డాసన్ సిటీ దగ్గర మొదలై ఇనువిక్ అనే ఊరి వరకు 730 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. మొదటి పెట్రోల్ బంక్ ఈగిల్ ప్లెయిన్స్‌లో, దాదాపు 370 కిలోమీటర్ల తర్వాత. ఆ పైన రిచర్డ్‌సన్ కొండల్లో గాలి లేస్తే రోడ్డు మూసేస్తారు, ఎప్పుడు తెరుస్తారో గాలి తగ్గితేనే తెలుస్తుంది. అలాస్కాలో డాల్టన్ హైవే 666 కిలోమీటర్లు. దాని మీద కోల్డ్‌ఫుట్ దాటితే డెడ్‌హార్స్ వరకు దాదాపు 385 కిలోమీటర్లు డీజిల్ ఉండదు, రిపేర్ ఉండదు.

కావలసినవి

ట్రక్కుకి:
- ఫ్యూయల్ ఫిల్టర్లు రెండు సెట్లు, ఫిల్టర్ విప్పే రెంచ్
- డీజిల్ గడ్డకట్టకుండా ముందే కలిపేది ఒకటి, గడ్డకట్టాక వాడేది ఒకటి. ఇవి రెండూ వేర్వేరు సీసాలు, లేబుల్ చదివి కొనండి
- స్పేర్ బెల్టులు, కూలెంట్, ఆయిల్, ఫ్యూజులు, బల్బులు, ఎయిర్ లైన్ గొట్టం ముక్కలు, వాటి ఫిట్టింగులు
- జంపర్ కేబుళ్లు, చలికి పగలని ఎక్స్‌టెన్షన్ కార్డు
- టైర్ చైన్లు, వాటిని బిగించే రబ్బరు పట్టీలు
- పార, సుత్తి, చక్రాలకు పెట్టే దిమ్మలు, లాగే గొలుసు, ఇసుక బస్తా
- రోడ్డు మీద పెట్టే రిఫ్లెక్టర్ త్రికోణాలు, హెడ్‌ల్యాంప్, లిథియం బ్యాటరీలు

మీకు కావలసినవాటి గురించి 7వ మెట్టులో చెబుతాను.

1. దారి, సమయం ముందు తేల్చుకోండి

మ్యాప్ తెరిచి డీజిల్ దొరికే ప్రతి చోటూ రాసుకోండి. అక్కడికి ఫోన్ చేసి తెరిచే ఉందా, ఎన్ని గంటల వరకు ఉంటుందో కనుక్కోండి. వేసవిలో ఉండే బంకులు కొన్ని చలికాలంలో మూసేస్తారు. అలాగే డాసన్ క్రీక్, డాసన్ సిటీ ఒకటి కాదు. మొదటిది బ్రిటిష్ కొలంబియాలో అలాస్కా హైవే మొదలయ్యే చోటు, రెండోది యూకాన్‌లో ఎక్కడో పైన ఉంది. లోడు కాగితం మీద ఏ డాసన్ ఉందో ఒకటికి రెండుసార్లు చూడండి.

డ్రైవింగ్ గంటల లెక్క కూడా ఉత్తరాన మారుతుంది. కెనడాలో 60వ అక్షాంశానికి దక్షిణాన 13 గంటలు నడపొచ్చు, 14 గంటలు డ్యూటీలో ఉండొచ్చు. ఉత్తరాన అది 15, 18 అవుతుంది. అలాస్కాకి మళ్లీ వేరే లెక్క. ఆ 15 గంటలు హద్దు మాత్రమే, అన్నీ వాడుకోవాలని లేదు. డిసెంబరులో ఇనువిక్ దగ్గర దాదాపు నెలపాటు సూర్యుడు కనిపించడు. చీకట్లో, ఎగిరే మంచులో పది గంటలు నడిపితే దక్షిణాన పదిహేను గంటలు నడిపినంత అలసట వస్తుంది. నా సలహా అయితే పదికి మించి ప్లాన్ చేయకండి. మిగిలిన గంటలు రోడ్డు మూసేసినప్పుడు, చైన్లు వేయాల్సి వచ్చినప్పుడు అక్కరకొస్తాయి.

2. ఆయిల్, కూలెంట్, బ్యాటరీలు

ఆయిల్: 15డబ్ల్యూ-40 దక్షిణానికి సరిపోతుంది. మైనస్ 25 దాటితే అది పంపుకి అందనంత చిక్కగా అయిపోతుంది. ఉత్తరానికి సింథటిక్ 5డబ్ల్యూ-40 కానీ, 0డబ్ల్యూ-40 కానీ మార్పించండి. 5డబ్ల్యూ రకం మైనస్ 35 వరకు, 0డబ్ల్యూ రకం మైనస్ 40 వరకు పంపు అవుతుంది. మీ ఇంజన్ కంపెనీ ఏ రకాన్ని ఒప్పుకుంటుందో మాన్యువల్‌లో ఉంటుంది. గేర్‌బాక్స్‌ని, డిఫరెన్షియల్‌ని మర్చిపోకండి, వాటిలోనూ సింథటిక్ ఉండాలి. ఇంజన్ స్టార్ట్ అయినా గేరు కదలకపోతే కారణం చాలాసార్లు అక్కడే ఉంటుంది.

కూలెంట్: సగం నీళ్లు, సగం గ్లైకాల్ అయితే మైనస్ 37 వరకే కాపాడుతుంది. గ్లైకాల్ 60 శాతం చేస్తే మైనస్ 50 దాకా వస్తుంది. ఎక్కువ పోస్తే ఇంకా మంచిదనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. నీళ్లు కలపని గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది, అందుకే 60 దాటించకండి. రంగు చూసి అంచనా వేయొద్దు, రిఫ్రాక్టోమీటర్‌తో కొలవండి. అలాస్కా హైవేకి దగ్గర్లోనే ఉన్న స్నాగ్‌లో 1947 ఫిబ్రవరి 3న మైనస్ 63 నమోదైంది. అంత చలి అరుదే, కానీ మైనస్ 45 అరుదు కాదు.

బ్యాటరీలు: మైనస్ 18లో బ్యాటరీ బలం దాదాపు సగానికి పడిపోతుంది, అదే సమయంలో చల్లబడిన ఇంజన్‌ని తిప్పడానికి మామూలు కంటే ఎక్కువ బలం కావాలి. వోల్టేజీ చూసి సరిపెట్టకండి, లోడ్ టెస్ట్ చేయించండి. ఒక్క బ్యాటరీ బలహీనంగా ఉన్నా మొత్తం సెట్టు మార్చండి, ఎందుకంటే పాతది కొత్తవాటిని కూడా కిందికి లాగుతుంది. పూర్తిగా ఛార్జ్ ఉన్న బ్యాటరీ మైనస్ 50లో కూడా గడ్డకట్టదు, ఖాళీది మైనస్ 10 దగ్గరే గడ్డకడుతుంది.

జాగ్రత్త: గడ్డకట్టిన బ్యాటరీకి జంప్ ఇవ్వకండి, ఛార్జర్ తగిలించకండి. పేలుతుంది. పక్కలు ఉబ్బినట్టు కనిపించినా దాన్ని ముట్టుకోకండి.

3. డీజిల్: ఎక్కువమంది ఇక్కడే ఇరుక్కుంటారు

డీజిల్‌లో సహజంగానే మైనం ఉంటుంది. చల్లబడితే ఆ మైనం పలుకులు కట్టి ఫిల్టర్‌కి అడ్డుపడుతుంది. ట్యాంకులో డీజిల్ ఇంకా పారుతూనే ఉంటుంది, ఫిల్టర్ మాత్రం మూసుకుపోతుంది. కొండ ఎక్కుతున్నప్పుడు ట్రక్కు కొంచెం కొంచెంగా బలం తగ్గడం మొదటి గుర్తు. చాలామంది దాన్ని "లోడు బరువేలే" అనుకుని నొక్కుతూ పోతారు, ఆ తర్వాత ఆగిపోతుంది. బలం తగ్గినట్టు అనిపించిన వెంటనే, ఇంజన్ ఇంకా నడుస్తుండగానే, సురక్షితంగా పక్కకు తీసి ఆపే చోటు వెతకండి.

ఈ ఇబ్బందికి అసలు కారణం సాధారణంగా ఎక్కడో దక్షిణాన మొదలవుతుంది. బంకుల్లో అమ్మే చలికాలపు డీజిల్ ఆ ప్రాంతపు చలికి తగ్గట్టు తయారవుతుంది. వాంకూవర్ తీరంలో నింపుకున్న డీజిల్ వాంకూవర్ చలికే పనికొస్తుంది. రెండు ట్యాంకులూ అక్కడ నిండా కొట్టించుకుని, ధర తక్కువని సంతోషపడి, మూడో రోజు వాట్సన్ లేక్ దగ్గర మైనస్ 42లో నిలబడిపోయేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.

కాబట్టి ఇలా చేయండి:

- డాసన్ క్రీక్ చేరేసరికి దక్షిణపు డీజిల్‌ని వీలైనంత వాడేసేలా నింపుకోండి. ఆ తర్వాత ఫోర్ట్ నెల్సన్, వాట్సన్ లేక్, వైట్‌హార్స్‌లలో అక్కడి డీజిల్ నింపుకుంటూ వెళ్లండి.
- బంకులో అడగండి: "ఇది ఎన్ని డిగ్రీల వరకు పనికొస్తుంది?" జవాబు చెప్పలేకపోతే నంబర్ వన్ డీజిల్ (గట్టి చలికి పనికొచ్చే, మైనం తక్కువున్న రకం) దొరికే చోటు కనుక్కోండి.
- గడ్డకట్టకుండా కలిపే మందుని ముందు ట్యాంకులో పోసి, ఆ తర్వాత డీజిల్ కొట్టించండి. అప్పుడే బాగా కలుస్తుంది. మబ్బుపట్టిన డీజిల్‌లో దాన్ని పోస్తే లాభం లేదు.
- నీళ్లు వేరుచేసే ఫిల్టర్ కింద ఉన్న కుళాయిని ప్రతి ఉదయం, ఇంజన్ వేడెక్కాక తిప్పి నీళ్లు వదలండి.
- సగం ట్యాంకు ఉత్తరాన ఖాళీ ట్యాంకుతో సమానమనుకోండి. దొరికిన ప్రతి చోటా నింపండి.

ఎలా చెక్ చేసుకోవాలి? పారదర్శకమైన సీసాలో కొంచెం డీజిల్ తీసి రాత్రంతా బయట పెట్టండి. పొద్దున మబ్బుగా కనిపిస్తే ఆ చలికి అది చాలదు. దీనికి ఖర్చేమీ లేదు.

జాగ్రత్త: డీజిల్‌లో పెట్రోల్ కలపకండి. ట్యాంకు కింద మంట పెట్టకండి. ఈ రెండు సలహాలూ ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు, వినకండి.

డెఫ్ (పొగలోని కాలుష్యం తగ్గించడానికి విడి ట్యాంకులో పోసే యూరియా ద్రవం) సంగతి వేరు. అది మైనస్ 11లోనే గడ్డకడుతుంది, అందులో కంగారు పడాల్సిందేమీ లేదు. ట్యాంకులో ఉన్న హీటర్ దాన్ని కరిగిస్తుంది, అందాకా ఇంజన్ మామూలుగానే స్టార్ట్ అవుతుంది. గడ్డకట్టినప్పుడు ఉబ్బుతుంది కాబట్టి మూతి దాకా నింపకండి. అందులో యాంటీఫ్రీజ్‌గానీ, ఇంకేదైనాగానీ కలిపితే మొత్తం ఎగ్జాస్ట్ సిస్టమే పాడవుతుంది. స్పేర్ డెఫ్ జగ్గు క్యాబిన్ లోపల పెట్టుకోండి.

4. ఎయిర్ బ్రేకులు

గాలిలో ఉన్న తేమ లైన్లలో నీళ్లుగా మారి గడ్డకడితే బ్రేకులు పట్టవు, లేదా పట్టుకుని వదలవు. చలికాలం మొదట్లోనే ఎయిర్ డ్రయ్యర్ కాట్రిడ్జ్ మార్పించండి. డ్రయ్యర్‌లో చిన్న హీటర్ ఉంటుంది, దానికి కరెంటు వస్తోందో లేదో మెకానిక్ చేత మీటరు పెట్టి చూపించుకోండి.

ఆ తర్వాత ప్రతి రోజూ ఎయిర్ ట్యాంకులన్నీ డ్రెయిన్ చేయండి. గాలి మాత్రమే వస్తే డ్రయ్యర్ బాగుంది. నీళ్లు, ఆయిల్ కలిసిన జిడ్డు వస్తే డ్రయ్యర్ పనిచేయట్లేదని అర్థం. అలాంటి ట్రక్కుతో ఉత్తరానికి వెళ్లకండి.

అలవాటుగా లైన్లలో ఆల్కహాల్ పోసేవాళ్లున్నారు. దానివల్ల డ్రయ్యర్ మందు, వాల్వుల సీళ్లు పాడవుతాయి. ఎప్పుడైనా తప్పనిసరై వాడితే, అదీ మీ కంపెనీ మెకానిక్ చెప్పిన రకం, చెప్పినంతే.

రెండో ఇబ్బంది బ్రేకు షూలు డ్రమ్ముకి అతుక్కుపోవడం. వేడి బ్రేకుల మీద మంచు కరిగి నీరవుతుంది, మీరు పార్కింగ్ బ్రేక్ లాగి పడుకుంటారు, పొద్దుటికి డ్రమ్ము, షూ ఒకటైపోతాయి. దీనికి మందు ఆపే ముందే ఉంది. చివరి కిలోమీటరులో నెమ్మదిగా వెళ్తూ బ్రేకు తేలిగ్గా తొక్కి తడి ఆరబెట్టండి. చదును నేల మీద, చక్రాలకు దిమ్మలు పెట్టాక, ట్రాక్టర్ (ఇంజన్ ఉన్న ముందు భాగం) బ్రేకు మాత్రం లాగి ట్రెయిలర్ బ్రేకులు వదిలి ఉంచొచ్చు. ఏటవాలులో మాత్రం ఎప్పుడూ ఇలా చేయకండి.

అతుక్కుంటే ముందు దిమ్మలు పెట్టండి. బ్రేకు వదిలి, డ్రమ్ము మీద సుత్తితో కొట్టండి, లేదా ముందుకీ వెనక్కీ కొద్దిగా కదపండి. ఒక్కసారిగా గట్టిగా లాగొద్దు. మైనస్ 40లో ఇనుము, రబ్బరు రెండూ పెళుసుగా ఉంటాయి, ఏదో ఒకటి విరుగుతుంది.

వదిలిందని ఎలా తెలుస్తుంది? ట్రక్కు కదిలితే వదిలినట్టే అనుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. మంచు మీద లాక్ అయిన చక్రం చప్పుడు లేకుండా జారుతూ వచ్చేస్తుంది. కొంతసేపటికి టైరు ఒకేచోట అరిగి పేలుతుంది. ప్రతి టైరు పక్కన సుద్దతో గీత గీసి, పది మీటర్లు కదిపి, దిగి చూడండి. గీతలన్నీ చోటు మారితేనే బయలుదేరండి.

5. హీటర్లు, వింటర్ ఫ్రంట్

బ్లాక్ హీటర్‌ని ఇంజన్ స్టార్ట్ చేయడానికి కనీసం మూడు, నాలుగు గంటల ముందు ప్లగ్‌లో పెట్టండి. పనిచేస్తోందో లేదో కార్డు మీద దీపం చూసి కాదు, బ్లాక్ మీద చెయ్యి పెట్టి తెలుసుకోండి. ప్లగ్ దొరకని చోట్ల కోసం డీజిల్‌తో నడిచే హీటర్లు, వెబాస్టో, ఎస్పార్ లాంటివి, ఒకటి ఇంజన్‌కి, ఒకటి స్లీపర్‌కి (క్యాబిన్ వెనక పడుకునే చోటుకి) ఉంటే మంచిది. రెండిట్లో ఒకటే కుదిరితే స్లీపర్‌కి పెట్టించండి. ఇంజన్ పోయినా మీరు బతికుండాలి.

స్లీపర్‌లో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. దీనికి మినహాయింపు లేదు.

రేడియేటర్ ముందు వేసే వింటర్ ఫ్రంట్‌ని పూర్తిగా మూసేయకండి. మధ్యలో కిటికీ తెరిచి ఉంచి, టెంపరేచర్ గేజ్ చూస్తూ సర్దుకోండి. పూర్తిగా మూస్తే టర్బో గాలి వేడెక్కి ఇంజన్ బలం తగ్గుతుంది.

ఎల్ఈడీ హెడ్‌లైట్లు ఉన్నవాళ్లకు ఒక మాట: అవి వేడెక్కవు, కాబట్టి వాటి మీద పడ్డ మంచు కరగదు. గంటకోసారి దిగి తుడవాలి, లేదా హీటర్ ఉన్న లైట్లు పెట్టించాలి.

6. టైర్లు, చైన్లు

వెచ్చటి గరాజ్‌లో, 20 డిగ్రీల దగ్గర 100 పీఎస్ఐ నింపారనుకోండి. అదే టైరు మైనస్ 40లో దాదాపు 77 చూపిస్తుంది. గాలి ఎక్కడికీ పోలేదు, చల్లబడి కుంచించుకుంది, అంతే. అందుకే గాలి బయట చలిలో, టైరు పూర్తిగా చల్లారాక చూసి నింపండి.

బ్రిటిష్ కొలంబియాలో 11,794 కిలోలు దాటిన వాణిజ్య వాహనాలు అక్టోబరు 1 నుంచి బోర్డులు పెట్టిన రూట్లలో చైన్లు వెంట ఉంచుకోవాలి. చట్టం ఎలా ఉన్నా, చైన్లు ఎలా వేయాలో యార్డులోనే, చేతి తొడుగులు తీయకుండా, చీకట్లో, హెడ్‌ల్యాంప్ వెలుగులో ప్రాక్టీస్ చేయండి. కొండ కింద నేర్చుకునే చోటు కాదు. వేశాక కొన్ని వందల మీటర్లు పోయి, ఆపి మళ్లీ బిగించండి. వదులుగా ఉన్న చైను ఎయిర్ లైన్లను కోసేస్తుంది.

ఫిఫ్త్ వీల్ (ట్రెయిలర్ తగిలించే పళ్లెం) మీద పాత గ్రీజు తుడిచి, చలికి గట్టిపడని గ్రీజు రాయండి. గట్టిపడిన గ్రీజు వల్ల లాక్ సగమే పడొచ్చు. ట్రెయిలర్ తగిలించాక లాగి చూడటంతో ఆపకండి, కిందికి వంగి టార్చ్‌తో కింగ్‌పిన్ (ట్రెయిలర్ కింద ఉండే పిన్ను) చుట్టూ లాక్ మూసుకుందో లేదో చూడండి.

7. మీ బట్టలు, తిండి, మందులు

ఒంటికి తగిలే పొర ఊలుదో, పాలిస్టర్‌దో ఉండాలి. కాటన్ వద్దు. చైన్లు వేస్తే చెమట పడుతుంది, కాటన్ దాన్ని పట్టుకుని ఒంటిని చల్లబరుస్తుంది. దాని పైన ఫ్లీస్, ఆ పైన గాలి చొరబడని పార్కా (టోపీ ఉన్న మందపాటి కోటు). బూట్లు రెండు జతల సాక్సులు వేసుకున్నా వేళ్లు కదిలేంత వదులుగా ఉండాలి, బిగుతు బూటులో ఎంత మంచి సాక్సు ఉన్నా కాలు చల్లబడుతుంది. చేతులకు పల్చటి గ్లౌజులు, వాటి మీద మందపాటి మిటన్లు (వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండే తొడుగులు). సన్నటి పనికి మిటన్ తీస్తారు, పల్చటిది మాత్రం తీయరు. ఒట్టి చెయ్యి మైనస్ 40లో ఇనుముకి తగిలితే చర్మం అతుక్కుంటుంది. చేతి మీద డీజిల్ ఒలికితే ఇంకా ప్రమాదం, అది ద్రవంగా ఉన్నా గాలి ఎంత చల్లగా ఉంటే అంత చల్లగా ఉంటుంది. డీజిల్ కొట్టడానికి విడిగా రబ్బరు గ్లౌజులు పెట్టుకోండి.

గాలితో కలిపి లెక్కేసే విండ్ చిల్ మైనస్ 28 నుంచి 39 ఉంటే, కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టొచ్చు. మైనస్ 40 నుంచి 47 అయితే 5 నుంచి 10 నిమిషాలు. మైనస్ 55 దాటితే రెండు నిమిషాల లోపే. ఈ అంకెలు కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డుకి అతికించుకోండి. బయట చేసే ప్రతి పనినీ దాని ప్రకారం ముక్కలు చేసుకుని, మధ్యలో క్యాబిన్‌లోకి వచ్చి చేతులు వెచ్చబెట్టుకోండి.

మైనస్ 40కి పనికొచ్చే స్లీపింగ్ బ్యాగ్, మూడు రోజులకు సరిపడా వండక్కర్లేని తిండి, నీళ్లు, ఫ్లాస్కు. నీళ్ల సీసాలు ముప్పావు వంతే నింపి స్లీపర్‌లో పెట్టండి. సైడ్ బాక్సులో పెట్టినవేవీ అవసరానికి పనికిరావు, అన్నీ రాయిలా అయిపోతాయి. రోజూ మందులు వేసుకునేవాళ్లు ట్రిప్పుకి కావలసినదానికి రెట్టింపు తీసుకెళ్లండి. ఇన్సులిన్ గడ్డకడితే కరిగినా పనికిరాదు, దాన్ని జాకెట్ లోపలి జేబులో పెట్టుకోండి.

8. ఫోన్ పనిచేయదని అనుకునే బయలుదేరండి

ఊళ్లు దాటాక సిగ్నల్ ఉండదు. శాటిలైట్ ఫోన్ కానీ, గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి మెసేజ్ పంపే పరికరం కానీ తీసుకోండి. కొన్నాక బయటికెళ్లి ఇంటికి ఒక మెసేజ్ పంపి, అందిందని రూఢి చేసుకోండి. సబ్‌స్క్రిప్షన్ మొదలుపెట్టకుండా డబ్బాలోనే ఉంచి తీసుకెళ్లేవాళ్లను చూశాను.

ఇంట్లో ఒకరికి, డిస్పాచ్‌లో ఒకరికి కాగితం మీద రాసివ్వండి: ఏ దారి, ఎక్కడెక్కడ ఆగుతాను, ఎన్ని గంటలకల్లా మెసేజ్ పెడతాను, రాకపోతే ఎన్ని గంటల తర్వాత ఎవరికి ఫోన్ చేయాలి. ఆ టైము దాటిపోతుంటే "బాగానే ఉన్నాను, ఆలస్యమవుతుంది" అని మెసేజ్ పెట్టడం మీ బాధ్యత. ఇంట్లోవాళ్ల టెన్షన్ సంగతి అటుంచి, మీకోసం వెతకడానికి బయలుదేరేవాళ్లు కూడా అదే చలిలో వస్తారు.

సీబీ రేడియో (డ్రైవర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే వైర్‌లెస్ సెట్టు) కూడా ఉండాలి. డాల్టన్ మీద ఛానల్ 19లో మైలు నంబరు చెబుతూ నడుపుతారు. ఇరుకు చోట, కొండ మలుపులో ఎదురుగా ఎవరొస్తున్నారో అలాగే తెలుస్తుంది. విని ఊరుకోకండి, మీరూ చెప్పండి.

9. చలి పరీక్ష

దీన్నే అందరూ వదిలేస్తారు. బయలుదేరే రెండు రోజుల ముందు, మీ దగ్గర వీలైనంత చలి ఉన్న రాత్రి, ట్రక్కుని బయట నిలిపి, ప్లగ్ పెట్టకుండా వదిలేయండి. మీరు అందులోనే పడుకోండి. స్లీపర్ హీటర్ ఒక్కటే నడపండి. పొద్దున ఇవి చూడండి:

- హీటర్ రాత్రంతా ఆగకుండా నడిచిందా? బ్యాటరీ వోల్టేజీ ఎంతకు దిగింది?
- ఇంజన్ ఎన్ని సెకన్లలో స్టార్ట్ అయింది? ఆయిల్ ప్రెషర్ వెంటనే వచ్చిందా?
- గాలి 100 పీఎస్ఐకి చేరడానికి ఎంతసేపు పట్టింది? ఇంజన్ ఆపితే ప్రెషర్ పడుతోందా? చలికి సీళ్లు కుంచించుకుంటాయి, వెచ్చటి గరాజ్‌లో కనపడని లీకులు ఇప్పుడే బయటపడతాయి.
- ఇంజన్ కింద కూలెంట్ చుక్కలు ఉన్నాయా? క్లాంపులు చల్లగా ఉండగానే బిగించండి.
- తలుపులు తెరుచుకున్నాయా? లేకపోతే రబ్బరు అంచులకు సిలికాన్ రాయండి.

ఇందులో ఒక్కటి తేడా వచ్చినా బాగుచేయించి, మళ్లీ ఒక రాత్రి పరీక్షించండి. లోడు ఒక రోజు ఆలస్యమైతే ఆలస్యమవుతుంది.

10. రోడ్డు మీద

పొద్దున మొదటి రెండు, మూడు కిలోమీటర్లు చాలా నెమ్మదిగా వెళ్లండి. టైర్లు కింద చదునుగా అయిపోయి దడదడలాడతాయి, షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులు గట్టిగా ఉంటాయి. క్రూయిజ్ కంట్రోల్ వాడకండి. జారుడు రోడ్డు మీద ఇంజన్ బ్రేకు ట్రక్కుని మడతపెట్టేయగలదు, అవసరమైతే తక్కువ స్థాయిలోనే వాడండి. దిగుడు మొదలవక ముందే గేరు తగ్గించుకోండి. డిఫరెన్షియల్ లాక్ చక్రం తిరుగుతుండగా వేయొద్దు, ఆగి ఉన్నప్పుడు కానీ, నిదానంగా తిన్నగా వెళ్తున్నప్పుడు కానీ వేయండి.

చలి పెరిగితే జారుడు పెరుగుతుందనుకుంటారు. నిజానికి మైనస్ 35లో మంచు కాస్త గరుకుగా ఉండి పట్టు దొరుకుతుంది. అన్నిటికంటే జారేది సున్నాకి దగ్గర్లో, పైన తడి పొర ఉన్నప్పుడు. ఉత్తరం నుంచి తిరిగొస్తూ, "ఇక వెచ్చబడింది" అని స్పీడు పెంచేది సరిగ్గా అక్కడే.

ముందు వెళ్లే ట్రక్కు లేపే మంచు పొగలోకి దూరకండి, అది పూర్తిగా అణిగే దాకా వెనకే ఉండండి. కారిబూ (ఉత్తరాన ఉండే పెద్ద జింకలు) గుంపు కనిపిస్తే ఆగండి. ఒకటి దాటితే వెనక ఇంకా వస్తాయి.

11. గడ్డకట్టిన సరస్సుల మీద నడపాల్సి వస్తే

ఎల్లోనైఫ్ దగ్గర నుంచి వజ్రాల గనులకు వెళ్లే టిబిట్-కాంట్వోయ్‌టో దారి లాంటివి వేరే లోకం. దాదాపు 400 కిలోమీటర్ల ఆ దారిలో అధిక భాగం సరస్సుల మీదే ఉంటుంది. మామూలుగా జనవరి చివర తెరిచి మార్చి చివర మూసేస్తారు. ఆ దారి నడిపేవాళ్లు ఇచ్చే శిక్షణకు పూర్తిగా కూర్చోండి, వాళ్ల నియమం నా మాట కంటే ఎక్కువ.

ఒక్కటి మాత్రం అర్థం చేసుకుని వెళ్లండి. లోడుతో ఉన్న ట్రక్కుకి సరస్సుల మీద గంటకు 25 కిలోమీటర్లు అంటే చాలామందికి విసుగొస్తుంది. ట్రక్కు బరువుకి మంచు కొంచెం వంగుతుంది, దాని కింద నీటిలో అల పుడుతుంది. వేగం పెరిగితే ఆ అల బలపడి, ఒడ్డు దగ్గర లోతు తగ్గేచోట మంచుని కింది నుంచి పగలగొడుతుంది. మీరు దాటిపోయినా వెనకొచ్చేవాడు అందులో పడొచ్చు. ట్రక్కుల మధ్య దూరం పాటించమనేది కూడా ఇందుకే. మంచు మీద ఊరికే ఆగి నిలబడొద్దు, నిలిచిన బరువుకి మంచు నెమ్మదిగా కుంగుతూ పోతుంది.

12. ఆగిపోతే

ట్రక్కుని వదిలి నడవకండి. రెండు కిలోమీటర్ల దూరంలో దీపం కనిపించినా నడవకండి. వెతికేవాళ్లకు ట్రక్కు కనిపిస్తుంది, మనిషి కనపడడు.

ముందు ఎక్కడున్నారో, ఏం జరిగిందో, ఎన్ని గంటల డీజిల్ ఉందో మెసేజ్ పంపండి. త్రికోణాలు పెట్టండి. ఇంజన్ నడుస్తుంటే ఐడిల్ కొంచెం పెంచి, వెయ్యి ఆర్‌పీఎం దగ్గర ఉంచండి. మరీ తక్కువలో గంటలకొద్దీ నడిస్తే ఇంజన్ చల్లబడి డీజిల్ సరిగా మండదు. గంటకోసారి దిగి ఎగ్జాస్ట్ చుట్టూ, స్లీపర్ హీటర్ గొట్టం చుట్టూ మంచు తీయండి. ఇంజన్ ఆగిపోతే స్లీపర్ తెర వేసి ఆ చిన్న చోటే వెచ్చగా ఉంచుకోండి, చలేసే వరకు ఆగకుండా ముందే స్లీపింగ్ బ్యాగ్‌లోకి వెళ్లండి.

వణుకు వస్తోందంటే ఒళ్లు ఇంకా పోరాడుతోంది. చలి తగ్గకుండానే వణుకు ఆగిపోయి, మాట తడబడుతూ, మత్తుగా అనిపిస్తే అది అత్యవసరం, వెంటనే శాటిలైట్ పరికరం మీద ఎస్ఓఎస్ బటన్ నొక్కండి. వేళ్లు, చెవులు తెల్లబడి స్పర్శ పోతే రుద్దకండి, మంచు రాయకండి. మళ్లీ గడ్డకట్టే అవకాశం లేదని నమ్మకం ఉన్నప్పుడే 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో ఉంచండి. ఆ నమ్మకం లేకపోతే పొడిగా చుట్టి, సాయం వచ్చే దాకా అలాగే కాపాడుకోండి.

13. తిరిగొచ్చిన రోజే

లోడు దించి ఇల్లు చేరాక అన్నీ మర్చిపోతాం, అందుకే ఆ రోజే చేయండి. వాడిన ఫిల్టర్లు, మందు సీసాలు, తిండి మళ్లీ నింపండి. దిగివచ్చిన వెచ్చటి చోట ఎయిర్ ట్యాంకులు పూర్తిగా డ్రెయిన్ చేయండి. చైన్లు కడిగి, ఆరబెట్టి, విరిగిన లింకులు మార్చండి. స్లీపింగ్ బ్యాగ్ విప్పి ఆరేయండి, తడితో చుట్టి పెడితే తర్వాతి ట్రిప్పులో అది వెచ్చదనం ఇవ్వదు. టైర్ల గాలి మళ్లీ చూడండి: మైనస్ 40లో 100 దగ్గర నింపిన టైరులో వెచ్చటి చోట 130 దాకా ఉంటుంది, అంత గాలితో దక్షిణపు హైవే ఎక్కకండి.